పది వేళ్ళకు మైదాకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున అమీర్‌పేట కన్సల్టెన్సీలో ఫణీంద్ర గారు నా చేతుల వంక చూసి, తాగుతున్న టీ పక్కన పెట్టేసినప్పుడు ముందుగా నాకు వచ్చింది కోపమే. ఈయన ఆడపిల్లల చేతులు ఎప్పుడూ చూడలేదా అనుకున్నాను.

"ఏంటమ్మా ఇది?" అన్నారు.

"మైదాకు సార్. ఆషాఢం గదా, మా నానమ్మ పెట్టింది."

"రేపు నీకు వీసా సెంటర్లో బయోమెట్రిక్. పది వేళ్ళ ముద్రలూ తీసుకుంటారు."

"తీసుకోనియ్యండి సార్. పది వేళ్ళూ ఉన్నయి గదా."

ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, సెంటర్ వాళ్ళు పంపిన మెయిల్లో ఒక వాక్యం చూపించారు. వేళ్ళ కొసల మీద గాయాలు గానీ, మెహందీ వంటి అలంకరణలు గానీ ఉండకూడదట. ఆ మెయిల్ నేను చదవలేదా అంటే చదివాను. తారీఖు చూశాను, టైము చూశాను, తీసుకెళ్ళాల్సిన కాగితాలు చూశాను. ఆ ఒక్క వాక్యాన్నే చూసీ చూడనట్టు దాటేశాను. ఇప్పుడు చేతులు చూసుకుంటే ప్రతి వేలి కొసకూ నానమ్మ తొడిగిన టోపీ ఎర్రగా పండి, గోరు చుట్టూ నల్లగా తిరిగి ఉంది.

అసలు సంగతి చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. మాది సిరిసిల్ల. తాత మగ్గం నేశాడు, నానమ్మ కాంతవ్వ కండెలు చుట్టింది. నేను పుట్టకముందే అమ్మానాన్నలు హైదరాబాదు వచ్చి, అమీర్‌పేట గల్లీలో టైలరింగ్ షాపు పెట్టుకున్నారు. ఆ షాపులో గుడ్డపేలికలతో ఆడుకుంటూ పెరిగిన నాకు బట్టల మీద కన్నా బట్టల రంగుల మీద పిచ్చి పట్టింది. కెమిస్ట్రీ చదివాను. స్కాట్లండ్‌లో అద్దకం రంగుల మీద ఒక కోర్సు ఉందని తెలిసి అప్లై చేస్తే, సీటూ స్కాలర్‌షిప్పూ రెండూ వచ్చాయి. సెప్టెంబరు మొదటి వారానికల్లా అక్కడ లేకపోతే ఆ స్కాలర్‌షిప్పు ఇంకొకరికి ఇచ్చేస్తారు. రేపటి స్లాటు పోతే మళ్ళీ దొరికేది మూడు వారాల తర్వాత. ఆ తర్వాత వీసా రావడానికి ఇంకో మూడు వారాలు. రేపు వేలిముద్రలు పడకపోతే నాకు స్కాట్లండ్ లేనట్టే.

"నిమ్మకాయ రుద్ది చూడమ్మా," అన్నారు ఫణీంద్ర గారు నీరసంగా. పదేళ్ళుగా పిల్లల్ని విదేశాలకు పంపుతున్న మనిషి నోట నిమ్మకాయ మాట వినగానే నా ధైర్యం పూర్తిగా పోయింది.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. నానమ్మ తలుపు దగ్గరే ఎదురొచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఏదీ, ఎట్ల పండింది సూడనీ బిడ్డా. అబ్బో, మస్తు పండె."

నిజం చెప్పాలంటే ఆదివారం సాయంత్రం చేతులు చాపింది నేనే. బల్కంపేట వైపు ఎవరింటి ముందో ఉన్న చెట్టు నుంచి నానమ్మ కొంగు నిండా ఆకు దూసుకొచ్చి, చింతపండు వేసి రోట్లో మెత్తగా నూరింది. ఒక్కో వేలికి ముద్ద ఒత్తుతూ, "మొగడు వద్దంటివి. మరి ఎర్రగ పండితే నీకేం రావాలె, వీసానే రావాలె," అని తనే నవ్వింది. నేనూ పడీపడీ నవ్వాను. అవన్నీ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

"ఎవరు పెట్టుమన్నరు నిన్ను?" అని అరిచాను. "రేపు నా వేలిముద్రలు పడయి. నా సీటు పోతది, స్కాలర్‌షిప్పు సుత పోతది. ఆషాఢమని, ఆకని, నీ చాదస్తంతోని నా కొంప ముంచినవ్."

నానమ్మ నా చేతులు వదిలేసింది. వెళ్ళి బాల్కనీలో గోడకు ఆనుకుని కూర్చుంది.

నా గొంతు మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్ళినట్టుంది, హైమవతి ఆంటీ దిగి వచ్చారు. భీమవరం నుంచి వచ్చి మా పైన స్థిరపడిన ఆవిడకు తెలియని వైద్యం లేదు, అడిగినా అడక్కపోయినా చెప్పకుండా ఉండరు.

"ఏంటే, అంతలా అరుస్తున్నావు? గోరింటాకేగా, ప్రాణం మీదికి వచ్చిందా? కూర్చో ఇక్కడ. చిటికెలో తీసిపారేస్తాను," అని చీర కుచ్చిళ్ళు పైకి దోపారు.

ఆకు రంగు చర్మంలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటుందనీ, పైచర్మం తనంతట తాను రాలితే తప్ప పోదనీ నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రంగులు పోకుండా ఎలా నిలపాలో చదవబోయేదాన్ని, ఒక రంగు పోగొట్టుకోవడానికి బుద్ధిగా ఆవిడ ముందు చేతులు చాపి కూర్చున్నాను. భయం పట్టుకున్నాక కెమిస్ట్రీ ఎవరికి గుర్తుంటుంది.

ముందు నిమ్మచెక్క అయింది. తర్వాత వంటసోడా. తర్వాత టూత్‌పేస్టు పూసి పాత బ్రష్షుతో రుద్దారు. రంగు నలుపు నుంచి ఎరుపుకు దిగేసరికి ఆవిడకు ఉత్సాహం వచ్చి, ఇత్తడి గిన్నెలు తోమే పొడి తెప్పించారు. మధ్యలో నాన్న షాపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. శ్రావణమాసం బ్లౌజుల కుప్ప ముందు నుంచి లేచే వీల్లేక అమ్మ ఆయన్ను పంపించింది. నాన్న వస్తూ వస్తూ బట్టల మీద మరకలు తీసే మందు ఒకటి తెచ్చాడు.

"గిది పెట్టి చూడు. పట్టుచీర మీద నూనె మరక సుత పోయింది," అన్నాడు.

"నరేందర్ గారూ, అది మీరు పట్టుకోండి. నేను మడమలు తోమే రాయి తెస్తాను," అన్నారు ఆంటీ.

ఆవిడ కుడిచెయ్యి, నాన్న ఎడమచెయ్యి పంచుకున్నారు. అంట్లగిన్నెను కూడా మనిషి అంత పట్టుదలగా తోమడు. వేళ్ళు మండి నాకు కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, "ఓర్చుకో అమ్మా, స్కాట్లండ్," అని ఆవిడ మధ్యమధ్య నాకు గుర్తు చేస్తున్నారు. సాయంత్రానికి వేళ్ళ కొసలు లేత నారింజ రంగుకు వచ్చి, నున్నగా మెరిశాయి. ఆంటీ యుద్ధం గెలిచినట్టు మెట్లెక్కి వెళ్ళారు.

నానమ్మ అంతా చూస్తూనే ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుంది గానీ కలుపుకోలేదు. తప్పు చేశానని నాకు తెలుస్తూనే ఉంది. కానీ కోపం వచ్చినంత సులువుగా నాకు క్షమాపణ రాదు, అదే నా దరిద్రం.

మంగళవారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి నానమ్మ కొబ్బరినూనె గిన్నె, దువ్వెన పెట్టుకుని కూర్చుని ఉంది. చేత్తో నేల మీద తట్టింది. కూర్చోమని.

"నానమ్మా, ఫొటో తీస్తరు ఇయ్యాల. జిడ్డు తలకాయతోని పోవాల్నా?"

మళ్ళీ తట్టింది. నిన్నటి మాటలు గుర్తొచ్చి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె అరచేతి నిండా నూనె పోసి నడినెత్తిన పెట్టి, కుదుళ్ళకు పట్టేదాకా మర్దించి, చెంపల మీది వెంట్రుకలు కూడా లాగి గట్టిగా జడ వేసింది. అద్దంలో చూసుకుంటే ఒకటో తరగతిలో చేరిన రోజు ఫొటోలా ఉన్నాను. తిట్టుకుంటూనే ఫైలు తీసుకున్నాను.

నానమ్మ మాతో పాటు వచ్చి ఆటో ఎక్కింది. ఎందుకని నాన్న అడిగినా చెప్పలేదు. పంజాగుట్ట దాకా ముగ్గురం మెట్రో స్తంభాలు లెక్కపెట్టేవాళ్ళలా బయటికి చూస్తూ కూర్చున్నాం. వీసా సెంటర్లోకి అప్లై చేసిన వాళ్ళనే రానిస్తారు. బ్యాగు కూడా బయటే వదలాలి. నాన్న, నానమ్మ ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు.

"ఫికర్ జెయ్యకు. వేళ్ళు తళతళ మెరుస్తున్నయి," అన్నాడు నాన్న.

కౌంటర్లో ఉన్న అమ్మాయి మెడలో మంజూష అని పేరు వేలాడుతోంది. కాగితాలన్నీ చూసి, కుడిచేతి నాలుగు వేళ్ళూ గాజుపలక మీద పెట్టమంది. పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. గట్టిగా ఒత్తమంది. ఒత్తాను. మళ్ళీ ఎరుపే. ఎడమచెయ్యి పెట్టమంది. అదీ ఎరుపే.

"మైదాకు వల్లనా మేడం?" అన్నాను. "మేం తీసేసినం. జర మిగిలింది అంతే."

"గోరింటాకా?" అని తన రెండు చేతులూ తిప్పి చూపించింది. పది వేళ్ళకూ టోపీలే, నావి నిన్న పొద్దున ఉన్నంత ఎర్రగా. "ఆషాఢం మొదలైనప్పటి నుంచీ సగం మంది అమ్మాయిలు ఇలాగే వస్తున్నారండీ. పైన ముద్ద అంటుకుని ఉంటే ఇబ్బంది గానీ, ఇలా ఇంకిపోయిన రంగుతో మా మెషిన్‌కు పేచీ ఏం లేదు. మీకు రంగు కాదు సమస్య. వేళ్ళ మీద గీతలే లేవు. ఏం పెట్టి రుద్దారు?"

నిమ్మకాయ నుంచి మడమల రాయి దాకా చెప్పాను. మరకల మందు దగ్గరికి వచ్చేసరికి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో జాలిపడుతోందో తెలీలేదు.

"చర్మం బాగా ఎండిపోయిందండీ. ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి కూడా పడకపోతే మళ్ళీ స్లాటు తీసుకోవాల్సిందే, నా చేతుల్లో ఏం లేదు. క్రీమ్ లాంటిది ఏమైనా ఉందా మీ దగ్గర?"

బ్యాగు బయట ఉంది. స్కాట్లండ్ చెయ్యి జారిపోయింది. ఆషాఢపు ఆకు ఏ పాపం చేయలేదు, నానమ్మ ఏ పాపం చేయలేదు. ఏమీ తెలుసుకోకుండా అరిచి, అందరి చేతా తోమించుకుని, నా వేళ్ళు నేనే పాడుచేసుకున్నాను. ఏడుపు తన్నుకొస్తుంటే కనపడకుండా నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాను. చెయ్యి జిడ్డుగా జారింది.

అప్పుడు గుర్తొచ్చింది, రేషన్ దుకాణం. ఏళ్ళ తరబడి నూలు పట్టిన నానమ్మ వేళ్ళను అక్కడి మెషిన్ ఏ నెలా మొదటిసారి గుర్తుపట్టదు. "తలకు రాసి పెట్టు అవ్వా," అంటాడు డీలరు. లైన్లో సగం మంది ముసలివాళ్ళు చేసే పనే అది. నానమ్మ బొటనవేలు నూనె తలకు రాసుకుని పెట్టగానే మెషిన్ కూస్తుంది. పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

"ఒక్క నిమిషం మేడం," అని పది వేళ్ళూ జుట్టులోకి దూర్చాను. కుదుళ్ళ దాకా పోనిచ్చి, చెంపల మీద, జడ మీద, ఎక్కడ నూనె ఉంటే అక్కడ రుద్దాను. వెనక లైన్లో ఉన్నవాళ్ళు ఏమనుకుంటే నాకేంటి. తర్వాత వేళ్ళు చున్నీకి మెల్లగా అద్ది, కుడిచెయ్యి గాజు మీద పెట్టాను.

పచ్చలైటు.

ఎడమచెయ్యి. ఎర్రలైటు వెలిగింది. "చిటికెన వేలు ఒక్కటే రాలేదు, ఇంకొంచెం రాయండి," అంది మంజూష, తను కూడా కౌంటర్ మీదకు వంగి. చిటికెన వేలిని పాపిట పొడుగునా లాగి పెట్టాను. పచ్చ. రెండు బొటనవేళ్ళూ పచ్చ.

"మీ తలకు ఎవరండీ అంత నూనె పెట్టింది?" అంది ఆమె నవ్వుతూ.

"మా నానమ్మ."

ఫొటోకు నవ్వకూడదట. నా వల్ల కాలేదు, మూడుసార్లు తీయాల్సి వచ్చింది. మూడో ఫొటోలో కూడా పెదవులు బిగపట్టుకుని, జిడ్డు మొహంతో, లోపల నవ్వుతూనే ఉన్నాను.

బయటికి రాగానే నానమ్మ బల్ల మీద నుంచి లేచి నిలబడింది.

"పడ్డయా?" నిన్నటి నుంచి ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"పడ్డయి నానమ్మా. పదికి పది." పంజాగుట్ట రోడ్డు మీద, అన్ని బస్సుల ముందు ఆమెను వాటేసుకున్నాను. "నిన్న నిన్ను మస్తు మాటలన్న. తప్పయింది. నీ నూనెతోనే పడ్డయి, తెలుసా?" అని లోపల జరిగిందంతా చెప్పాను.

నాన్న టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అంటే మేం తోమింది...?"

"ఉత్తగనే తోమినవ్ నాన్నా. నువ్వు, ఆంటీ కలిసి నా వేళ్ళే అరగదీసిండ్రు."

నానమ్మ నా చేతులు పట్టుకుని వేళ్ళ కొసలు ఒక్కొక్కటే చూసింది. నారింజ రంగు కూడా సరిగా లేని ఆ వేళ్ళను తన బరుకు వేళ్ళతో తడిమింది. "ఎంత మంచిగ పండె. అంత ఖరాబు చేసిరి," అంది బాధగా. "ఫ్రిజ్జుల ఇంకింత ముద్ద దాచిన. పెట్టాల్నా?"

"పెట్టు."

"అమ్మా, ఆగే జర," అన్నాడు నాన్న కంగారుగా. "ఆడ దిగినంక ఏర్‌పోర్టుల సుత వేలిముద్రలు అడుగుతరేమో."

"అడిగితే అడగనియ్," అంది నానమ్మ ఆటో కోసం చెయ్యి ఎత్తుతూ. "పిల్లకు తలనూనె పెట్టి పంపనా ఏంది?"

ఆటో ఎక్కగానే నా రెండు చేతులూ ఆమె ఒళ్ళో పెట్టి కూర్చున్నాను.