ఎర్రగా కాలిన అడుగు

నేను ఒక ఇత్తడి సర్వను. గుండ్రని అడుగు, వెడల్పు నోరు, పొట్ట మీద కంచరి సుత్తి దెబ్బల గుర్తులు. నీళ్లు కాచుకోవడానికి చేశారు గానీ, నాకు పేరు తెచ్చింది మాత్రం సర్వపిండి. ఏకంగా ఒక వంటకానికే నా పేరు పెట్టారు. అంతకంటే ఒక గిన్నెకు కావలసిందేముంది?

ఊరి నేలంతా నా కడుపులోకే వచ్చేది. చెరువు కింది వడ్లు బియ్యప్పిండై వచ్చేవి. వానను నమ్ముకున్న ఎర్రచెల్కల నుంచి పల్లీలూ నువ్వులూ వచ్చేవి. అత్తగారు నన్ను చేతికిచ్చిన నాటి నుంచీ అనసూయ ఆ పిండిని నా లోపల పల్చగా అద్ది, వేళ్లతో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వదిలేది. సన్నని సెగ మీద మూత పెట్టి కూర్చునేది. కాసేపటికి నువ్వుల వాసన గడప దాటి, పొలం నుంచి వస్తున్న భర్త మొగిలయ్యకు ఎదురెళ్లేది.

స్టీలు సామాను వచ్చాక నా తోటివన్నీ పాత ఇత్తడి కొనేవాడి గంపకెక్కాయి. అనసూయ నన్ను మాత్రం పోనివ్వలేదు. ఏటా కళాయి పూయించింది.

నిరుడు చలికాలంలో ఆమె పోయింది. మొగిలయ్య నన్ను అటక మీద పెట్టలేదు, వాడనూ లేదు. రోజూ ఒకసారి తుడిచేవాడు.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి విస్తరిలో పెట్టే రోజు. మొగిలయ్య పొద్దున్నే పిండి కలిపాడు. ఆయన పెట్టిన చిల్లులు ఒకచోట గుంపుగా, ఒకచోట అసలే లేకుండా ఉన్నాయి. అయినా సర్వపిండి ఊడి వచ్చింది. మెత్తటి అంచులు జాగ్రత్తగా తుంచి విస్తరిలో పెట్టాడు.

పక్కింటి నర్సవ్వ పప్పు గిన్నెతో వచ్చి చూసింది.

"అంచులు పెట్టినవేందన్నా?"

"అనసూయకు అంచులంటేనే పానం గదా. ఎప్పుడూ అవే తినేది."

"ఇంకేం తింటది? ఎర్రగ కాలిన అడుగంత నీ పళ్లెంల ఏసేది. 'అడుగు తింటేనే తిన్నట్టు నర్సవ్వా' అని నాతోని ఎన్నిసార్లన్నదో!"

"మరి నాతోని అనలే?"

"నువ్వు అడిగినవా?"

నాకిది ముందే తెలుసు. నాకు నోరు వెడల్పే గానీ మాట లేదు. మాటలున్న మనుషులు మాత్రం ఒక్క పొయ్యి ముందు అన్నేళ్లు కూర్చుని ఇంత చిన్న సంగతి అడగరు.

మొగిలయ్య గబుక్కున లేచి, ఇంకా కాలుతున్న నాలోకి కొత్త పిండి అద్దబోయాడు. చెయ్యి చురుక్కుమంది.

"అయ్యో, సల్లార్సకుంట అద్దుతరా ఎవలన్న! బోర్లేసి నీళ్లు పొయ్యి. ఆకలితోని ఉరికొచ్చేటట్టున్నదా మా వదినె? ఆగుతది తియ్యి."

ఆయన నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. నా వీపు మీద చన్నీళ్లు పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. ఈసారి తొందరపడకుండా, చిల్లు పక్కన చిల్లు పెట్టాడు. అడుగు ఎర్రబడేదాకా పొయ్యి దగ్గరే కూర్చున్నాడు.

కరకరలాడే ఆ అడుగు మొత్తం విస్తరిలోకి వెళ్లింది.

అంచులు మొగిలయ్య తిన్నాడు.