తోక పట్టుకున్న చెయ్యి

బొమ్మ విమానం ప్రొపెల్లర్‌ను కర్రముక్కతో నాలుగుసార్లు కొట్టాక ఇంజిన్ అందుకుంది. ఆముదం కలిసిన పొగ వరండా అంతా కమ్మింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకున్నాడు. రెండో చేత్తో కార్బురేటర్ సూదిని ఒక్కో టిక్కూ బిగించసాగాడు.

సూది బిగించేకొద్దీ ఇంధనం తగ్గి మోత సన్నబడుతుంది. ఆ మోత అంచుదాకా వెళ్లి, రెండు టిక్కులు వెనక్కి రావాలి. విద్యంతా అంతే. మితిమీరి బిగిస్తే ఇంజిన్ వేడెక్కి గాల్లో ఆగిపోతుంది. బొమ్మ విమానమే అయినా నెత్తిన పడితే తల పగులుతుంది. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతిమీదుగా వెళ్లిన ఇంజిన్ ఒక్కటీ గాల్లో ఆగలేదు.

ఈ రోజు ఆ సన్నటి మోత రావడం లేదు. ఇంకో టిక్కు. రాలేదు. ఇంకోటి. వీపంతా చెమట పట్టింది.

విమానం కదలకుండా తోక పట్టుకుని కూర్చున్న బస్సు డ్రైవరు రెండేళ్లు కష్టపడి ఈ విమానం కట్టుకున్నాడు. సాయంత్రం మైదానంలో మొదటిసారి ఎగరేస్తానని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. ఎప్పుడూ తోక పట్టుకునేది మెకానిక్ భార్యే. ఈ పూట పొయ్యి మీద గిన్నె ఉందని లోపలికి వెళ్లింది.

నిలుస్తుందో లేదోనని విమానం ముక్కు పైకెత్తి చూశాడు. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే.

“ఏంటన్నా, నా మీద అలిగిందా?” డ్రైవరు నవ్వాడు.

మెకానిక్‌కు నవ్వు రాలేదు. కాస్త దూరం నుంచి పిలిస్తే పలకడం లేదని ఇంట్లో సణుగుడు ఎప్పటినుంచో ఉంది. ఇంజిన్లు కుదురుతున్నాయి కదా అని ఇన్నాళ్లూ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

చేతులు తుడుచుకుంటూ భార్య వచ్చింది. “లే తమ్ముడూ. అది నా సీటు.”

మూడోసారి సూది తిరుగుతోంది. చెవిలో ఏ మార్పూ లేదు. అంతలో విమానం చిన్నగా వెనక్కి కదిలింది, ఎవరో చొక్కా కొస లాగినట్టు. ఆయన వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆ లాగుడు కొత్తది కాదు. ఇంజిన్ అదురనుకుని ఎన్నిసార్లు సరిగ్గా అక్కడే ఆగాడో! తలెత్తి చూస్తే, తోక పట్టుకున్న ఆవిడ గోడవైపు చూస్తోంది.

రెండు టిక్కులు వదిలి ముక్కు ఎత్తాడు. ఇంజిన్ నిలబడింది.

“నీ చెవి బంగారం అన్నా!” డ్రైవరు ఇంజిన్ ఆపి, విమానాన్ని చంకనెత్తుకుని వెళ్లిపోయాడు.

“ఎన్నాళ్లనుంచి?” అన్నాడు మెకానిక్.

“ఏడాది దాటింది.”

“చెప్పొచ్చుగా.”

“చెబితే పని మానేసి నా వంటకి వంకలు పెడతారని.” నవ్వబోయి, బల్ల మీద కారిన ఆముదం తుడవసాగింది.

సాయంత్రం జనమంతా మెడలెత్తి విమానాన్ని చూస్తుంటే, ఆయనొక్కడే భార్య ముఖం చూస్తూ నిలబడ్డాడు. మోత ఆగితే ముందు తెలిసేది ఆ ముఖంలోనే. ఎనిమిది నిమిషాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాడు. చివరికి ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. విమానం చల్లగా దిగింది.

డ్రైవరు పరుగున వచ్చాడు. “అన్నా, మా బామ్మర్దిది కూడా ఒకటుంది. వచ్చే వారం...”

“వద్దు తమ్ముడూ. నాకు వినపడదు.”

ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడాదిగా జనం నెత్తిమీద ఎగిరినవన్నీ కళ్లముందు మెదిలాయి. భార్య చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు వరండా తలుపు తీయలేదు. బల్ల మీద స్క్రూడ్రైవర్ ఉండిపోయింది, చెవి వెనక నొక్కుకునే చోట పిడి రంగంతా అరిగిపోయి.