ఉత్తరం ఖైదీ హక్కు

అంట్లు తోమి చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి అరుగు మీద తెల్లకాగితాలు, కలం సిద్ధంగా ఉన్నాయి. మా ఆయన జోగేశ్వరరావు గారు సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. ఇరవై రెండేళ్లు హిందీలో బతికిన మనిషి కాబట్టి తెలుగు రాయడం చేతికి రాదు. ఆయన చెబుతారు, నేను రాస్తాను. మండపేట చుట్టుపక్కల ఏ స్కూల్లో జెండా ఎగరేసినా ప్రసంగానికి ఆయన్నే పిలుస్తారు. విషయం ఎప్పుడూ ఒకటే. డెబ్బై ఒకటి యుద్ధంలో పట్టుబడ్డ పాకిస్తాన్ సిపాయిలను మనవాళ్లు ఎంత ధర్మంగా చూశారన్నది. వాళ్లను ఉంచిన క్యాంపుల్లో ఒకదానికి ఆయన రెండేళ్లు కాపలా కాశారు. రాసి రాసి జెనీవా ఒప్పందం నాకు విష్ణుసహస్రనామంలా నోటికొచ్చేసింది.

"రాయి," అన్నారు. "ఆయుధం కింద పెట్టినవాడు మన పూచీ. మన సిపాయి తినే తిండే వాడికీ పెట్టాలి. పదిమందిలో నిలబెట్టి ఎగతాళి చెయ్యకూడదు."

రాశాను. కిందటి వారం మిల్లు యజమాని ఇంటికొస్తే ఈయన నన్ను పిలిచి, "మా ఆవిడ మెట్రిక్ పాసయిందండి. పాలు పొంగకుండా కాచడంలోనే ఇంకా పాసవ్వలేదు," అన్నారు. అందరూ నవ్వారు. కాఫీ గ్లాసులు పట్టుకుని నేనూ నవ్వాను. ఇక తిండి సంగతంటారా, ఆయన తిన్న కంచంలోనే నేను తినాలి, ఆయన వదిలిన కూరే నా కూర. మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు గిన్నె వంచి చూసి, "నీకు సరిపోతుందిలే," అంటారు. సరిపోయిందా అని ఈ పదిహేనేళ్లలో ఎవరూ అడగలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలనుకునేదాన్ని.

అవేవీ నన్ను అంతగా బాధించలేదు. నన్ను కదిలించేది ఉత్తరాల గురించిన భాగం. "ఖైదీకి నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఉంది. ఇంటి నుంచి వచ్చినవి వాడి చేతికి చేరాల్సిందే," అని చెప్పి, జ్వరంతో పడున్న ఒక కుర్ర ఖైదీ కోసం తాను నాలుగు మైళ్లు వానలో నడిచి టపా సంచీ తెచ్చిన కథ చెబుతారు. అక్కడికొచ్చేసరికి ప్రతి సభలోనూ ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకునేదాన్ని. ఉత్తరం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నా చెల్లెలు మీనాకుమారిని అమ్మ పోయాక ఆరేళ్లప్పటి నుంచి నేనే పెంచాను. మూడేళ్ల క్రితం అది యెహెజ్కేలు మాస్టారిని పెళ్లి చేసుకుని జంగారెడ్డిగూడెం వెళ్లిపోయింది. పెళ్లికి ఈయన నన్ను పంపలేదు. రాకపోకలు వద్దన్నారు. కనీసం ఉత్తరం రాసుకోనా అని అడిగితే, "రాసుకో. నాకివ్వు, పోస్టులో వేస్తాను," అన్నారు. ఎంత మంచివారో అనుకున్నాను. పదకొండు రాసిచ్చాను. ఒక్క దానికీ జవాబు రాలేదు. పెళ్లికి రాలేదని మీనాకు కోపం పోలేదనుకున్నాను, దాని మీద నాకూ కోపం వచ్చింది.

ఆగస్టు పదిహేనున హైస్కూల్లో సభ అయ్యాక పోస్ట్‌మాన్ బుల్లియ్య నా దగ్గరికొచ్చాడు. అతని కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"సుబేదారు గారిది ఉట్టి మాటలు కాదండి అమ్మగారూ, చేతల్లోనూ అంతేనండి. జంగారెడ్డిగూడెం నుంచి మీకొచ్చే ఉత్తరాలకి నన్ను ఎండన పడి మీ వీధిదాకా రానివ్వరు. ఆయనే పోస్టాఫీసుకొచ్చి పట్టుకెళ్తారండి. మొన్న సోమవారం వచ్చింది అందిందాండి?"

"అందింది," అన్నాను. అప్పుడూ ఆయన పరువే కాపాడాను. అలవాటు అలాంటిది.

ఇంటికొచ్చాక అడిగాను. ఆయన అబద్ధమాడలేదు. చొక్కాకున్న పతకాలు తీసి జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుంటూ చెప్పారు.

"వచ్చాయి. చించేశాను. చదవలేదు, ఇంకొకళ్ల ఉత్తరం చదివే అలవాటు నాకు లేదు."

"మరి నేనిచ్చినవో?"

"అవీ అంతే."

"ఆ ఖైదీకి మాత్రం వానలో నడిచి తెచ్చిచ్చారు కదండి."

"వాళ్లు పరాయివాళ్లు, వాళ్లకి చట్టం కావాలి. నువ్వు నా మనిషివి. ఇంట్లో చట్టాలేంటి?"

వంటింట్లోంచి అత్తగారు, "వాడేం చేసినా ఇంటి పరువు కోసమేనమ్మా. ముందు కాఫీ కలుపు," అన్నారు. కలిపాను. ఆ కాఫీ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం రామచంద్రపురంలో మాజీ సైనికుల సభ. ఎప్పటిలాగే ఆయన చెప్పారు, నేను రాశాను. నేను రాసింది ఆయన ఇంట్లో ఒక్కసారి కూడా చదువుకోరు. మైకు ముందే మొదటిసారి చూస్తారు. పదం కింద వేలు పెట్టుకుని, పెరేడ్ గ్రౌండులో అరిచినట్టు చదువుకుంటూ పోతారు. ధ్యాసంతా గొంతు మీదే, అర్థం మీద కాదు. ఒకసారి పొరపాటున ఒకే వాక్యం రెండుసార్లు రాస్తే రెండుసార్లూ చదివారు, జనం రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. ఈసారి నేను పొరపాటు చెయ్యలేదు. వానలో నడిచిన కథ అయిపోయినచోట, అవే గుండ్రటి అక్షరాలతో, ఆయన చెప్పని రెండు వాక్యాలు రాశాను: "నా భార్య రామతులసికి ఆమె చెల్లెలు రాసిన ఉత్తరాలు మూడేళ్లుగా నేను చించేస్తున్నాను. ఆమె రాసినవీ చించేశాను."

కాగితాలు మడిచి ఆయన జేబులో పెట్టాను. ఆయన అటు బస్సెక్కాక నేను చీర మార్చుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"మా చెల్లెలింటికండి."

"వాడినడిగావా?"

"లేదండి."

రాజమండ్రిలో బస్సు మారి వంతెన దాటుతుండగా పదకొండయింది. సభ మొదలయ్యే వేళ. ఆయన ఆ వాక్యాలు చదివేశారో, మధ్యలో గొంతు ఆగిపోయిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మీనా తలుపు తీసింది, కానీ రమ్మనలేదు. దాని చంకలో రెండేళ్ల పిల్ల. అచ్చం మీనాను నేను ఎత్తుకు తిరిగినప్పటి ముక్కు, ఆ కళ్లు. పిల్ల నా గాజుల మీదికి చెయ్యి చాచింది.

"పేరేంటే?" అన్నాను.

మీనా పిల్ల చేతిని వెనక్కి తీసుకుంది.

"రాశాను కదక్కా," అంది.