అండి లేని మాట

పొద్దున్నే పైపు చుట్ట భుజాన తగిలించుకుని, కింది అంతస్తు నుంచి పైదాకా గోడలన్నీ తడుపుకుంటూ వెళ్ళడం నీళ్ళక్క పని. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, తడి ఆరకుండా చూసుకుంటేనే గట్టిపడుతుంది. వేళకి నీళ్ళు పట్టకపోతే కొత్తగోడ అలిగి బీటలిస్తుంది. ఆ కట్టడంలో ఏ గోడకి ఎంత దాహమో ఆమెకి తెలుసు. అందుకే అసలు పేరు మరిచిపోయి అందరూ ఆమెని నీళ్ళక్క అనేవారు.

అక్కడ గోడలతోపాటు మాటలూ గట్టిపడేవి. పచ్చి ప్లాస్టరింగు పక్కన నిలబడి ఏదైనా అంటే, ఆ మాట గోడకి అంటుకునేది. నీళ్ళు పట్టకపోతే సాయంత్రానికి పొడిపొడిగా రాలిపోయేది. వరసగా తడిపితే నిలబడిపోయేది. ఆ తర్వాత ఎవరు అటుగా వెళ్ళినా, అన్నవాళ్ళ గొంతుతోనే వినిపించేది. మాట నిలబడడమంటే అక్కడివాళ్ళకి అదే. అందుకే పచ్చిగోడ దగ్గర అందరూ నోరు అదుపులో పెట్టుకునేవారు. ఒకసారి మెట్ల దగ్గర తట్ట జారవిడిచినవాణ్ణి పెద్దమేస్త్రి "గాడిదా!" అని తిట్టాడు. సంగతి తెలియక నీళ్ళక్క ఆ గోడని తడిపేసింది. తర్వాత ఇల్లు చూసుకోవడానికి సకుటుంబంగా వచ్చిన ఒక పెద్దమనిషి మెట్టెక్కగానే గోడ "గాడిదా!" అంది. ఆయన వెనక్కి తిరిగి బావమరిది వంక చూశాడు. ఆ పూటే సుత్తి పెట్టి ఆ మాటని గోడ మీంచి రాలగొట్టించేశారు.

దీన్ని మంచికి వాడుకున్నవాడు భద్రత చూసే ఆఫీసరు. ఆయన నోట అండి లేని మాట రాదు. "హెల్మెట్ పెట్టుకోండి", "బెల్టు తగిలించుకోండి", "అంచు ఉంది, ఆగండి". అలా ఆయన పేరు అండిగారు అయిపోయింది. ప్రమాదం ఉన్న ప్రతిచోటా ఆయన ఓ మాట అనేవాడు, నీళ్ళక్క తడిపేది. మొదట్లో అందరూ ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకునేవారు. రానురాను చెవులకి అలవాటైపోయింది. ఇంట్లో గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, ఎవరికి వినిపిస్తుంది?

ఇలా ఉండగా నీళ్ళక్క అల్లుడు అక్కడికే పనికి వచ్చాడు. పెళ్ళయినప్పటి నుంచీ అత్తగారింట్లోనే ఉంటున్నాడు. ప్లాస్టరింగులో అతని చెయ్యి తిరుగులేనిది. గోడని అద్దంలా తేలుస్తాడని అందరూ అతన్ని అద్దాల మేస్త్రి అనేవారు. మనిషి బంగారమే గానీ ఒక్క అలవాటు ఉంది. గోడ పూర్తవగానే తాపీ పట్టుకుని, తల ఓరగా వాల్చి, అందం చూసుకుంటూ రెండడుగులు వెనక్కి వేస్తాడు. వెనక ఏముందో చూడడు.

కింది అంతస్తులో అది ముచ్చటగానే ఉండేది. పని ఐదో అంతస్తుకి చేరేసరికి నీళ్ళక్కకి భయం పట్టుకుంది. అక్కడ అతను పూయబోయే గోడకి ఎదురుగా, నడవాకి అవతల, లిఫ్టు కోసం కిందిదాకా వదిలిన గుంత నోరు తెరుచుకుని ఉంది. రెండడుగులంటే సరిగ్గా దాని అంచుకే.

"అల్లుడుగారూ, గోడ ఎక్కడికీ పారిపోదు కదా. పక్కనుంచి చూసుకోకూడదూ?" అంది మెల్లిగా.

"దగ్గర్నుంచి చూస్తే అందం తెలీదత్తయ్యా," అని అతను నవ్వేశాడు.

ఇక ఏమంటుంది? అల్లుడికి ఒకసారి చెప్తే సలహా, రెండోసారి చెప్తే సాధింపు. వెళ్ళి అండిగారితో చెప్పింది.

"ఇనప అడ్డు బిగించాం కదండీ, అక్కా," అన్నాడాయన.

"బిగించారు బాబూ. బస్తాలు పైకి లాగేటప్పుడు దాన్ని తీస్తున్నారు. తీసినవాళ్ళు మళ్ళీ పెడతారంటారా?"

 మర్నాడు పొద్దున ఆయన అందరినీ నిలబెట్టి, తీసిన అడ్డు వెంటనే మళ్ళీ పెట్టాలని చెప్పాడు. అందరూ తలలూపారు. తలలదేముంది, గాలికి చెట్లూ ఊపుతాయి.

లిఫ్టు గుంత పక్కగోడకి అప్పుడే ప్లాస్టరింగు పడింది. భోజనాల వేళ, ఎవరూ లేకుండా చూసి నీళ్ళక్క ఆ పచ్చిగోడ ముందు నిలబడింది. "ఆగండి, అల్లుడుగారూ," అంది. విని చూసుకుంటే తనకే నచ్చలేదు. ఉన్న పది అండిలకి తోడు ఇది పదకొండోది. ఇలాంటివి వినీ వినీ కదూ వాళ్ళ చెవులు మొద్దుబారింది! ఆ మాటని అరచేత్తో తుడిచేసింది. చుట్టూ మళ్ళీ చూసింది. మొహం వేడెక్కిపోతుంటే, కడుపున పుట్టినవాణ్ణి కసిరినట్టు, "ఆగరా!" అంది.

అని, నాలిక కరుచుకుంది. అయినా తుడవలేదు. ఉదయం, సాయంత్రం తడుపుతూనే వచ్చింది. అతను ఆ నడవాలోకి వచ్చేనాటికి మాట నిలబడి ఉంది.

ఆ రోజు బస్తాల కోసం ఇనప అడ్డు తీశారు. తీసినవాళ్ళు టీకి వెళ్ళారు. అద్దాల మేస్త్రి గోడ ముగించి, బద్దతో సరిచేసి, తల ఓరగా వాల్చి, ఒకడుగు వెనక్కి వేశాడు. "అంచు ఉంది, ఆగండి," అంది అండిగారి మాట. అతను వినలేదు. రెండో కాలు లేపాడు.

"ఆగరా!"

లేపిన కాలు గాల్లోనే ఆగిపోయింది. అత్తగారు తనని 'ఆగరా' అనడమా! భయంకన్నా ముందు ఆశ్చర్యం అతన్ని పట్టి ఆపింది. ఆవిడెక్కడుందా అని తల తిప్పాడు. మడమ వెనక నేల లేదు. చేతిలో తాపీ జారి లోపల పడింది. చప్పుడు వినిపించడానికి చాలాసేపు పట్టింది.

చప్పుడుకి కింది అంతస్తు నుంచి నీళ్ళక్క పరుగున వచ్చింది. అతను గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఆమెకి ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి.

"తప్పయిపోయింది అల్లుడుగారూ. మిమ్మల్ని పట్టుకుని అంత మాట..."

"అండి పెట్టి ఉంటే నేనుండేవాణ్ణి కాదత్తయ్యా," అన్నాడతను. ఆమె తడిచేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అండిగారు వచ్చి, ముందు తన చేత్తో అడ్డు బిగించాడు. తర్వాతే మాట్లాడాడు. "మాట నిలబడింది, అక్క పుణ్యం. కానీ మాట కన్నా ముందు ఇనుము నిలబడాలండి. ఇకమీద అడ్డు తీసినవాళ్ళే, తిరిగి బిగించేదాకా ఆ అడ్డుకి బదులుగా అక్కడ నిలబడండి. టీ మేమే తెచ్చిస్తామండి." అడ్డు తీసినవాళ్ళు తలవంచుకుని సరేనన్నారు. ఆ తర్వాత ఏ అంతస్తులోనూ అంచు ఒంటరిగా ఉన్నది లేదు.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరారు. జరిగినదేదీ కూతురికి చెప్పలేదు. అల్లుడు స్నానం చేసి వచ్చి, తల తుడుచుకుని, తువ్వాలు మంచమ్మీద పడేశాడు.

"తడి తువ్వాలు పక్క మీద వెయ్యకురా!" అంది నీళ్ళక్క, కూర తరుగుతూ, తలెత్తకుండానే.

కూతురి చేతిలో గరిటె ఆగిపోయింది. "అమ్మా! అల్లుణ్ణి పట్టుకుని ఏమిటా మాట?"

అతను తువ్వాలు తీసి దండెం మీద ఆరేస్తూ అన్నాడు. "అమ్మనేమీ అనకు. ఇవాళ ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చాను."