ఎడమకు మారిన గుండీలు

"వదినా, నిన్ను లక్షల మంది చూశారు" అంటూ ఆడపడుచు ఫోను పట్టుకుని వచ్చేసరికి టైలరమ్మ కొత్త కత్తెరకు నూనె పెడుతోంది. చొక్కా కుట్టడం నేర్పే వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం ఆమెకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. వాటిని చూసేది పాత శిష్యురాళ్లూ, వాళ్ల చెల్లెళ్లూ. లక్షల మాట వినగానే భర్త మిషను పక్కనున్న స్టూలు తుడిచి, "కూర్చోండి మేడం, రేపటి నుంచి మమ్మల్ని గుర్తుపడతారో లేదో" అన్నాడు. ఆమె నవ్వుతూనే ఫోను అందుకుంది.

గొంతు తనదే. వేళ్లూ తనవే. కింద ఉన్న పేరు మాత్రం ఎవరిదో. కత్తెర ఎడమ చేతిలో ఉంది. మెడలోని టేపు మీద అంకెలు తిరగబడి ఉన్నాయి.

"నీది ఎడమచేతి వాటం ఎప్పుడయింది వదినా?"

"కాలేదు. అద్దంలో చూపించినట్టు తిప్పేశారు."

"అలా తిప్పితే దొంగ వీడియో అని ఆ వీడియోల వేదికవాళ్ల యంత్రం పట్టుకోలేదట" అన్నాడు భర్త. ఇంతలో మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. అది మాత్రం తిన్నగానే ఉంది.

ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. కత్తెరకు నూనె పెట్టడం పూర్తి చేసింది. తర్వాత తన అసలు వీడియోనూ, టేపు అంకెల ఫొటోనూ జతచేసి ఆ వేదికకు ఫిర్యాదు పంపింది. రెండు వీడియోలూ ఒకటి కావనీ, తమది వేదిక మాత్రమేననీ, అందులో పెట్టినదానికి పెట్టినవారిదే బాధ్యత అనీ జవాబు వచ్చింది. మళ్లీ రాసింది. అదే జవాబు, అక్షరం మారకుండా వచ్చింది. మనమూ రోజూ ఇలాంటివి చూస్తూనే ఉంటాం. అసలు ఎవరివని అడగం.

కొద్ది రోజులకు ఒక పాత శిష్యురాలు పెద్ద మూటతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీ గొంతే కదా టీచరమ్మా, మీరు చూపించినట్టే కుట్టాను. బడివాళ్లు వెనక్కి పంపేశారు. మగపిల్లల చొక్కాలకు గుండీలు ఆడపిల్లల వాటికిలా ఎడమవైపు పెట్టానట. ఇంకెప్పుడూ పని ఇవ్వం అన్నారు."

నేను నేర్పింది అది కాదు అనబోయింది టైలరమ్మ. గొంతు తనదే. "మూట ఇక్కడ పెట్టు" అంది.

గుండీలు విప్పడం సులువే. కాజాల దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. కోసిన కాజా మళ్లీ అతుక్కోదు. పట్టీ మొత్తం తీసి కొత్త గుడ్డ వేయాలి. ఒక్కో చొక్కా ముందుకు లాక్కుని కుట్లు విప్పుతూ పోయింది. భర్త టీ పెట్టి తెచ్చాడు. కొత్త కప్పుల్లో, ఆమెకు ఇష్టమైన నీలం అంచుదే ఆమె పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

నల్లకోటు కొలత సరిచూసుకోవడానికి లాయరమ్మ వచ్చింది ఆ సాయంత్రమే. భుజం దగ్గర గుండుసూదులు పెడుతూ టైలరమ్మ జరిగిందంతా చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"పెట్టినవాడు ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఏం చేస్తాం లెండి. కదలకండి, గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోనీ. ఇటు చూడమ్మా. ఎవరు ఏం పెడతారో ముందే తెలియదని వేదికవాళ్లంటే చట్టం కొంతవరకు ఒప్పుకుంటుంది. యంత్రం పొరపడిందంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ సొంతదారు వచ్చి, ఇది నాది, ఇదిగో ఆధారం అని చూపించాక కూడా దాన్ని అక్కడే ఉంచి, దాని మీద ప్రకటనలు వేసుకునేవాళ్లు చూస్తూ నిలబడ్డవాళ్లు కారు. ఆ దొంగతనంలో వాళ్లకూ వాటా ఉంది. దాన్నే కోర్టులో అడుగుదాం."

టైలరమ్మ చేతిలో మిగిలిన గుండుసూదులను ఒక్కొక్కటిగా డబ్బాలో వేసింది.

"అయితే గెలుస్తామా లాయరక్కా?" అంది ఆడపడుచు, తలుపు దగ్గర నుంచి.

"మాటివ్వలేను. అడగకపోతే మాత్రం ఇంకొకరి చొక్కా తిరగబడుతుంది."

టైలరమ్మ మూటలోంచి ఇంకా విప్పని చొక్కా ఒకటి తీసి మడతపెట్టింది. "దీన్ని విప్పను. రేపు పొద్దున కోర్టుకు తెస్తాను లాయరమ్మగారూ. ముందు తెలియలేదంటే వదిలేసేదాన్ని. తెలిశాక కూడా ఉంచినవాళ్లే జవాబు చెప్పాలి."