బోర్డర్‌లైన్ మొగుడు

మా ఆయన తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరు. తనని చూడగానే బజారులో కాటాలన్నీ బుద్ధిగా తూస్తాయని ఆయన నమ్మకం. అనుమానం వచ్చిన కాటాకి సంచిలోంచి ఎర్ర చీటీ తీసి కడతారు: 'తనిఖీ పూర్తయ్యే వరకు వాడరాదు'. తప్పెక్కడుందో తర్వాత తేలుస్తారు. అప్పటిదాకా కొట్టువాడే దొంగ.

పోయిన నెల ఆఫీసులో రక్తదానం చేసి, బ్యాడ్జీ పెట్టుకుని మరీ ఇంటికొచ్చారు. వారానికి బ్లడ్ బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. సిఫిలిస్ పరీక్ష 'బోర్డర్‌లైన్' అని తేలిందట. ఉందనీ కాదు, లేదనీ కాదు, డాక్టరును కలవమన్నారు. మామూలు మాటల్లో దీన్ని సుఖవ్యాధి అంటారు. పదకొండేళ్ల కాపురంలో సుఖం పేరుతో మా ఇంటికి వచ్చింది ఇదొక్కటే.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"నిజం చెప్పు. నేనేం అనను."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నర్సరీ టీచర్ని.

"రోజంతా నలభై మంది పిల్లల ముక్కులు తుడిచి వస్తానండీ. ఇంకొకడితో తిరిగే తీరిక నాకెక్కడిది?"

"అంటే తీరికుంటే తిరిగేదానివా?"

ఆ పూటే పరుపు హాల్లోకి ఈడ్చుకుపోయారు. నా తువ్వాలు, నా గ్లాసు వేరు చేశారు. మా అత్తగారితో నాకు 'ఏదో ఇన్ఫెక్షన్' అని మాత్రం చెప్పారు. ఆవిడ నా గ్లాసును పట్టకారుతో తీయడం మొదలుపెట్టింది. నేను బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లరు. అనుమానమొస్తే మూడుసార్లు తూచి సగటు తీయాలన్నది ఆయన ఆఫీసు పద్ధతి. మూడు ల్యాబుల్లో రక్తమిచ్చి, అదే పరీక్ష చేయించారు. 0.94, 1.06, 1.01. ఒకటి దాటితే జబ్బున్నట్టు లెక్కట. భోజనాల బల్ల మీద క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నారు.

"సగటు ఒకటి కంటే వెయ్యింట మూడు వంతులే ఎక్కువ. అంటే నాకు చాలా కొంచెమే ఉంది."

మిగతాదంతా నా దగ్గరే ఉన్నట్టు చూశారు.

చివరికి నేనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ సగటు వేసిన కాగితం చూసి నవ్వాపుకుంది.

"ఇది జబ్బు బరువు కాదు సార్. ఒక్కోసారి జబ్బు లేకపోయినా పరీక్ష ఇలా చూపిస్తుంది. ఇదే పరీక్ష ముప్పైసార్లు చేసినా లాభం లేదు. వేరే రకం పరీక్షలు చేసి, రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి. అంతవరకు ఎవరం ఏమీ చెప్పలేం. గ్లాసులతో, తువ్వాళ్లతో అంటుకోదు. ఇద్దరికీ చేద్దాం. కొన్ని ప్రశ్నలడగాలి. విడివిడిగా అడగనా?"

"మా మధ్య దాపరికాలేం లేవు మేడమ్," అన్నారు ఆయన ఛాతీ విరుచుకుని.

పాత సంబంధాల గురించి అడిగింది. నేను లేవన్నాను. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"పెళ్లికి ముందు... ట్రైనింగులో ఉన్నప్పుడు... ఒకటో రెండో..."

"ఒకటా, రెండా?"

"సరిగ్గా చెప్పలేనండీ."

తూకంలో గ్రాము తేడా పట్టే మనిషి!

రెండు వారాలయ్యాక రిపోర్టులన్నీ వచ్చాయి. ఇద్దరికీ ఏమీ లేదు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అయితే 'నిజం చెప్పు' అన్న ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు.

ఆయనకి అలాంటి ఇబ్బందులేం లేవు. కాగితాలు నోట్లో కరుచుకుని, పరుపు చంకన పెట్టుకుని హుషారుగా పడగ్గది దాకా వచ్చి ఆగిపోయారు. తలుపు గడియకి ఎర్ర చీటీ వేలాడుతోంది. సంతకం నాది.

"ఇదేంటి? జబ్బు లేదని తేలిందిగా!"

"జబ్బు సంగతి తేలింది."

ఆయన చీటీని ఇటూ అటూ తిప్పి చూశారు. మొదటిసారి గొంతు తగ్గింది.

"మరి ఈ తనిఖీ ఎప్పటికవుతుంది?"

"ఇప్పుడే ఏమీ చెప్పలేం," అన్నాను. "రెండు వారాలాగి రండి."