గాలిమర ఇంటికి అణుకేంద్రం కోడలు

కొడుకు ఎంచుకున్న పిల్ల అణు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తుందని తెలిసినప్పటి నుంచి లాండ్రీ షాపు ఆవిడకి కాలూ చెయ్యీ ఆడలేదు. కొడుకేమో గాలిమరలు బాగుచేసే మెకానిక్. "గాలిని నమ్ముకుని బతికే ఇంటికి ఆ అణువు గోల ఎందుకురా?" అని వారం రోజులు వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి వాడు కాళ్ల బేరానికి వచ్చాడు. "నువ్వు సరేనంటేనే పెళ్లి. కానీ ఒక్కసారి ఆ అమ్మాయితో మాట్లాడమ్మా."

ఆదివారం మధ్యాహ్నం పిల్ల షాపుకే వచ్చింది. నాలుగు వాషింగ్ మెషీన్లు గడగడమంటూ తిరుగుతున్నాయి. ఆవిడ ఇస్త్రీ పెట్టె కింద పెట్టలేదు, కూర్చోమనీ అనలేదు. నేరుగా దండయాత్రకి దిగింది.

"గాలి ఊరికే వస్తుంది, ఎండ ఊరికే వస్తుంది. మీ కేంద్రం కట్టడానికేమో పదేళ్లు, అక్కడ మిగిలే అణు చెత్తకి కాపలా తరతరాలు. ఏదన్నా అయితే ఊరు ఊరంతా ఖాళీ చెయ్యాలి. అవునా, కాదా?"

పిల్ల పనిచేసే కేంద్రం కంట్రోల్ రూములో ఒక పద్ధతి ఉంది. ఎవరేం చెప్పినా, విన్నవాళ్లు పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్లు సరేనన్నాకే స్విచ్చు మీద చెయ్యి వెయ్యాలి. ఆరేళ్ల అలవాటు కదా, పిల్ల నోరు ఊరుకోలేదు.

"గాలీ ఎండా ఊరికే వస్తాయి. మా కేంద్రం కట్టడానికి పదేళ్లు. చెత్తకి తరతరాల కాపలా. ఏదన్నా అయితే ఊరు ఖాళీ చెయ్యాలి. సరిగ్గా విన్నానా, ఆంటీ?"

ఆవిడ చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూసింది. వెక్కిరింపేమీ లేదు. ముప్పై ఏళ్లుగా ఆవిడ మాట సగంలో ఉండగానే మొగుడు టీవీ సౌండు పెంచుతాడు, కొడుకు ఫోను తీస్తాడు. మొత్తం విన్న మనిషి తగలడం ఇదే మొదలు. సంతోషం పట్టలేక స్టూలు లాగి కూర్చోబెట్టింది.

"సరిగ్గానే విన్నావు. మరి నువ్వేమంటావు?"

"మీరన్నవన్నీ నిజమే. ఆ చెత్త సంగతి నాకూ దిగులే. కానీ గాలి పడిపోయిన సాయంత్రం ఈ మెషీన్లు తిరగాలంటే, బ్యాటరీలు ఇంకా చాలవు. బొగ్గన్నా కాల్చాలి, మేమన్నా ఉండాలి. బొగ్గు పొగ రోజూ మనుషుల్ని తింటూనే ఉంటుంది. అందుకే మీ అబ్బాయి గాలిమరా కావాలి, మా కేంద్రమూ కావాలి అంటాను."

"అక్కడ నీకు భయం వెయ్యదూ?"

"అక్కడ వెయ్యదు. ఆయన తొంభై మీటర్ల పైకి ఎక్కినప్పుడు వేస్తుంది. కిందికి దిగి ఫోను చేసేదాకా నాకు ముద్ద దిగదు."

ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. తనకీ అంతే. వాడు ఆ ఉద్యోగంలో చేరిన పదకొండేళ్లుగా అంతే. ఎవరితోనూ చెప్పుకోలేదు.

గుమ్మంలోంచి కొడుకు తల దూర్చాడు. "ఏం తేల్చారు?"

"నువ్వు నోర్ముయ్. మేం మాట్లాడుకుంటున్నాం!" అని కసిరి, ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వేసింది. పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఈ భయం నేనొక్కదాన్నే మోశానమ్మా. నువ్వొచ్చెయ్. చెరి సగం మోద్దాం."